ఆఫీసుకి ఇ-సైకిల్: రేంజ్ సంగతి తర్వాత, ముందు ఇవి చూడండి

"అన్నా, ఇ-సైకిల్ కొన్నా. రోజూ ఆఫీసుకి దాని మీదే వెళ్దామనుకుంటున్నా. రేంజ్ పెరగాలంటే ఏ బ్యాటరీ వేయాలి?"

వారానికి రెండుసార్లయినా ఈ ప్రశ్న వస్తుంది. రేంజ్ అంటే ఒక్క ఛార్జ్‌తో బండి పోయే దూరం. టైర్లలో గాలి ఎంతుందని ఎదురు అడుగుతాను. "చేత్తో నొక్కి చూశా, బాగానే ఉంది" అంటారు. బాగానే ఉండదు. విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

నేను నిజాంపేట నుంచి మాదాపూర్‌కి వెళ్తాను. పోనూ రానూ సుమారు 20 కిలోమీటర్లు, ఇది మూడో ఏడాది. వెనక చక్రంలో 250 వాట్ల హబ్ మోటారు, 36 వోల్టుల బ్యాటరీ, 26 అంగుళాల చక్రాలు, కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు. మన దగ్గర దొరికే ఇ-సైకిళ్ళు చాలావరకు ఇలాంటివే. మామూలు సైకిల్‌కి మోటారు కిట్ బిగించుకున్నవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. మోటారు పెడల్ దగ్గర ఉన్న బండైతే నాలుగో మెట్టులో ఇరుసు, మోటారు వైరు సంగతి మీకు అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బండి బరువు 60 కిలోలకి మించకుండా ఉన్నంతవరకే అది చట్టం దృష్టిలో మోటారు వాహనం కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఈ మినహాయింపు ఉంది. అందుకే మనకి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అడగరు. డిస్‌ప్లేలో సెట్టింగు మార్చి 35లో పోయేలా చేసుకుంటే మీ బండి ఆ మినహాయింపులోంచి బయటపడుతుంది. ఎవరికైనా తగిలిన రోజు మీకు ఇన్సూరెన్సూ ఉండదు, చెప్పుకోవడానికి మాటా ఉండదు. వేగం పెంచడం ఎలా అని నన్ను అడగొద్దు.

కావలసినవి

- గేజ్ ఉన్న గాలి పంపు. సైకిల్ కొన్నాక మొదట కొనాల్సింది ఇదే.
- మల్టీమీటర్. మూడు నాలుగు వందల రూపాయలది చాలు. కోఠి గుజరాతీ గల్లీలో కావలసినన్ని ఉంటాయి.
- 4, 5, 6 మిల్లీమీటర్ల ఎల్-కీలు, 18 నంబర్ పానా. చాలా హబ్ మోటార్ల ఇరుసు నట్టు 18దే. కొనేముందు మీది కొలుచుకోండి.
- కేబుల్ టైలు, మంచి ఇన్సులేషన్ టేపు, చిన్న ట్యూబు సిలికాన్ గ్రీజు.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, శుభ్రమైన గుడ్డ.
- నెయిల్ పాలిష్. ఎందుకో తర్వాత చెప్తాను.

1. ముందు ఇప్పుడున్న పరిస్థితి రాసుకోండి

ఏదీ మార్చకుండా ఒక వారం తిరగండి. ఫుల్ ఛార్జ్ అయ్యాక ఛార్జర్ పీకి, పది నిమిషాలు ఆగి, మల్టీమీటర్‌ని డీసీ 200 వోల్టుల దగ్గర పెట్టి బ్యాటరీ వోల్టేజి చూడండి. మీటరు పుల్లలు ఒకదానికొకటి తగలనివ్వకండి, తగిలితే షార్టే. 36 వోల్టుల బ్యాటరీ నిండితే 42 దగ్గర చూపాలి. ఆఫీసుకి చేరాక ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి ఇలాగే చూసి ఫోన్లో రాసుకోండి. సుమారుగా 38 అంటే సగానికి కాస్త పైన, 36 అంటే పావు వంతు, 34 అంటే దాదాపు ఖాళీ.

డిస్‌ప్లే మీద గీతలని నమ్మకండి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు రెండు గీతలు పడిపోతాయి, దిగేటప్పుడు మళ్ళీ లేస్తాయి. బ్యాటరీ మీద లోడు పడినప్పుడు వోల్టేజి దిగడం మామూలే. దానికి టెన్షన్ పడి కొత్త బ్యాటరీ కొన్నవాళ్ళు నాకు తెలుసు.

2. బ్రేకులు

ఇ-సైకిల్ మామూలు సైకిల్ కంటే బరువు. పైగా రోజంతా 20కి పైనే పోతుంది. కానీ చాలా బళ్ళకి కంపెనీ నుంచి వచ్చే బ్రేకులు పార్కులో తిరిగే సైకిల్‌కి సరిపోయేవే. డబ్బు ఒక్కదానికే ఉంటే ఇక్కడ పెట్టండి.

ముందు ప్యాడ్లు తీసి చూడండి. ఇనుప పలక మీద మిగిలిన పదార్థం మిల్లీమీటర్ కంటే తక్కువుంటే మార్చేయాలి. ఆర్గానిక్ ప్యాడ్లు చప్పుడు చేయవు, వానలో త్వరగా అరుగుతాయి. మెటల్ కలిసిన సింటర్డ్ ప్యాడ్లు కీచుమంటాయి గానీ ఎక్కువ కాలం వస్తాయి. నేను జూన్ నుంచి అక్టోబరు దాకా రెండో రకం వాడతాను, కీచుమన్నా సరే. కొనేటప్పుడు పాత ప్యాడ్ చేతిలో పట్టుకెళ్ళండి. వీటి ఆకారాలు డజను రకాలు, పేరు చెప్తే షాపులో ఏదో ఒకటి ఇచ్చేస్తారు.

ఇక సెట్టింగు. కేబుల్ డిస్క్ బ్రేకుల్లో చాలావాటికి బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది, చక్రం వైపు ప్యాడ్ కదలదు. అది దూరంగా ఉంటే ప్రతిసారీ డిస్కు వంగి దానికి తగలాలి. లివర్ హ్యాండిల్ దాకా వచ్చేది అందుకే. ఒక విజిటింగ్ కార్డు తీసుకోండి. లోపలి ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య దూర్చండి. కాలిపర్ (ప్యాడ్లని పట్టుకుని ఉండే భాగం) బోల్టులు రెండూ వదులు చేసి, బ్రేక్ గట్టిగా పట్టుకుని, అలా పట్టుకునే బోల్టులు కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. కార్డు లాగేసి చక్రం తిప్పండి. ఎక్కడా రాసుకోకుండా తిరిగితే అయిపోయినట్టే. అక్కడక్కడా "సుయ్ సుయ్" మంటే డిస్కు కాస్త వంగి ఉంది. అది వేరే పని, షాపుకి తీసుకెళ్ళండి.

కొత్త ప్యాడ్లు వేయగానే ట్రాఫిక్‌లోకి వెళ్ళకండి. ఖాళీ రోడ్డు మీద 20 వేగం నుంచి నడక వేగానికి వచ్చేలా, చక్రం లాక్ కాకుండా, 20, 25 సార్లు బ్రేక్ వేయండి. మొదటి అయిదారుసార్లు పట్టనే పట్టదు. భయపడకండి, తర్వాత పట్టు వస్తుంది.

డిస్కుకి నూనె తగలకూడదు. ఒకసారి నేను చెయిన్‌కి స్ప్రే కొట్టి, చక్కగా అయిందని చేతులు దులుపుకున్నాను. మర్నాడు ఫోరమ్ మాల్ సిగ్నల్ దగ్గర వెనక బ్రేక్ పట్టుకుంటే బండి ఆగలేదు, ముందున్న ఆటో వెనక అద్దంలో నా మొహం నాకే కనిపించేంత దగ్గరికి వెళ్ళాను. ముందు బ్రేక్ కాపాడింది. డిస్కుని ఆల్కహాల్‌తో తుడిస్తే శుభ్రమవుతుంది. నూనె పీల్చిన ప్యాడ్లని మాత్రం పారేయాల్సిందే. స్టవ్ మీద కాల్చడం, గరుకు కాగితంతో రుద్దడం అన్నీ చేశాను, కుదరలేదు. చెయిన్‌కి స్ప్రే వద్దు. చుక్కలుగా వేసే నూనె వాడి, గుడ్డతో తుడిచేయండి.

మీది రిమ్‌ని పట్టే బ్రేకైతే మంచి రబ్బరు షూలు, కొత్త కేబుళ్ళు వేయించండి. తేడా వెంటనే తెలుస్తుంది.

ఎలా చూసుకోవాలి: బండిని స్టాండ్ వేసి వెనక చక్రం గాల్లోకి లేపండి. ఎక్సలేటర్ కొంచెం తిప్పి, చక్రం తిరుగుతుండగా బ్రేక్ లివర్‌ని వేలితో కాస్త లాగండి. బ్రేక్ పట్టకముందే మోటారు ఆగిపోవాలి. కుడిది, ఎడమది విడివిడిగా చూడండి. ఆగకపోతే లివర్ నుంచి వచ్చే కటాఫ్ వైరు ఊడింది. అది సరిచేసేదాకా రోడ్డెక్కకండి. బ్రేకు వేస్తుంటే మోటారు ముందుకి తోస్తూ ఉంటుంది, అంతకంటే ప్రమాదం లేదు.

3. టైర్లు, గాలి

టైరు పక్కన అచ్చేసిన అంకెలు చదవండి. నా 26×1.95 టైరు మీద 40 నుంచి 65 పీఎస్ఐ అని ఉంది. నా బరువుకి వెనక 50, ముందు 45 పెడతాను. వారానికోసారి గేజ్‌తో చూస్తాను. సైకిల్ ట్యూబులో గాలి దానంతటదే తగ్గుతుంది, పంక్చరే అవనక్కర్లేదు. 25 పీఎస్ఐతో తిరిగే టైరు చేతికి గట్టిగానే అనిపిస్తుంది, బ్యాటరీని మాత్రం తినేస్తుంది.

బండితో వచ్చిన టైర్లకి పెద్ద పెద్ద ముద్దలుంటే, అవి మట్టి దారికి చేసినవి. తారు రోడ్డు మీద గుయ్‌మంటూ పోతాయి, తడిలో జారతాయి. నడిమి భాగం నున్నగా, అంచులకి సన్న గాళ్ళున్న టైర్లకి మారండి. రేంజ్ కోసం చేసే పనుల్లో అతి చౌకైనదీ, కచ్చితంగా ఫలితం ఇచ్చేదీ ఇదే. ట్యూబు కొనేటప్పుడు బైక్ వాల్వ్ ఉన్నది అడగండి, పెట్రోల్ బంకులో కూడా గాలి పట్టించుకోవచ్చు. బంకులో మాత్రం మీరే దగ్గరుండి ఎంత పెట్టాలో చెప్పండి. కారుకి అలవాటుపడ్డ కుర్రాడు సైకిల్ ట్యూబుని ఒక్క క్షణంలో పేల్చేయగలడు.

టైరుకీ ట్యూబుకీ మధ్య పట్టీ వేయించుకుంటే ముళ్ళు, గాజు పెంకుల పంక్చర్లు చాలా తగ్గుతాయి. బరువు కాస్త పెరుగుతుంది. నాకు ఓకే.

4. వెనక ఇరుసు

హబ్ మోటారు తిరిగేటప్పుడు దాని ఇరుసు కూడా ఎదురు దిక్కుకి తిరగాలని చూస్తుంది. నట్టు వదులైతే ఇరుసు ఫ్రేం గాడిలో తిరిగి, లోపలినుంచి వచ్చే వైరుని మెలిపెట్టి తెంపేస్తుంది. దాన్ని ఆపడానికే ఒక వైపు ముక్కున్న వాషర్ ఉంటుంది. ఆ ముక్కు ఫ్రేం గాడిలో కూర్చోవాలి. కిట్ బిగించుకున్నవాళ్ళు దానికి తోడు టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండా ఫ్రేంకి కలిపి బిగించే ఇనుప పట్టీ) కూడా వేయించండి. ముందు చక్రం మోటారు పెట్టుకుని, ఫోర్కు అల్యూమినియందైతే టార్క్ ఆర్మ్ లేకుండా అసలు తిరగకండి. అల్యూమినియం ఫోర్కు వంగి ముందే హెచ్చరించదు, ఒక్కసారిగా విరగొచ్చు.

నట్టు గట్టిగా బిగించాక, నట్టు మీదినుంచి ఫ్రేం మీదికి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. రోజూ బండి తీసేటప్పుడు ఒక చూపు చూస్తే చాలు. గీత విరిగి కనిపిస్తే నట్టు కదిలింది.

పంక్చర్ సంగతీ ఇక్కడే చెప్పాలి. రోడ్డు పక్క పంక్చర్ షాపాయన ఎంత పనిమంతుడైనా హబ్ మోటారు ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. మా కాలనీలో ఒకాయన వైరు ఉందని గమనించకుండా చక్రం లాగేశాడు. కనెక్టర్‌లో పిన్నులు వంగిపోయాయి, ఆ రోజు బండి ఆటోలో ఇంటికొచ్చింది. తప్పు ఆయనది కాదు. పక్కన నిలబడి టీ తాగుతూ ఫోన్ చూస్తున్నది నేను. అందుకని ఇలా చేయండి:

- చక్రం తీయకుండానే అతుకు వేయమనండి. టైరుని ఒక వైపు తప్పించి, ట్యూబుని అంతవరకే బయటికి లాగి ప్యాచ్ వేయొచ్చు. పదింట ఎనిమిది పంక్చర్లకి ఇది చాలు.
- చక్రం తీయక తప్పకపోతే, ముందు స్విచ్ ఆఫ్ చేసి బ్యాటరీ తీసేయండి. ఇరుసుకి రెండు వైపులా ఫోటో తీసుకోండి. వాషర్లు ఏది ముందు, ఏది వెనక అన్నది ఎవరికీ గుర్తుండదు.
- మోటారు కనెక్టర్‌ని తిప్పకుండా నేరుగా లాగండి. పెట్టేటప్పుడు రెండు బాణం గుర్తులు ఎదురెదురుగా ఉండాలి.
- బిగించాక ఇరుసు దగ్గర వైరు కిందికి వేలాడి, తర్వాత పైకి వెళ్ళేలా చూడండి. లేదంటే వాన నీళ్ళు వైరు వెంట నేరుగా మోటారులోకి దిగుతాయి.

కొత్త బండైతే మొదటి 150 కిలోమీటర్లకి స్పోకులు ఒకసారి సరిచేయించండి. వేళ్ళతో రెండేసి స్పోకులు కలిపి నొక్కుతూ చక్రమంతా తిరగండి. ఒక్కటి మెత్తగా ఉన్నా దాని పక్కది త్వరలో తెగుతుంది.

5. వానకి సిద్ధం

కనెక్టర్లన్నీ ఒక్కొక్కటీ విప్పి, రబ్బరు అంచుకి సన్నగా సిలికాన్ గ్రీజు రాసి మళ్ళీ పెట్టండి. గ్రీజు పూసేయడం కాదు, వేలికి అంటినంత చాలు. మోటారుకి కరెంటు అందించే కంట్రోలర్ పెట్టె బయట ఉంటే వైర్లు కింది వైపునుంచి లోపలికి వెళ్ళేలా తిప్పండి. డిస్‌ప్లేకి ప్లాస్టిక్ కవర్ తొడిగి రబ్బరు బ్యాండు వేయండి. అందం చూడకండి. మడ్‌గార్డులు పూర్తి పొడవువి వేయించండి. బండితో వచ్చే చిన్న ముక్కలు మీ వీపునీ కాపాడవు, చెయిన్‌నీ కాపాడవు.

ఇక నీళ్ళు నిలిచిన రోడ్లు. 26 అంగుళాల చక్రానికి ఇరుసు నేలకి సుమారు 33 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, మోటారు కింది అంచు ఇంకా కిందే. ముందు బైకుల సైలెన్సర్లు మునుగుతున్నాయంటే మీ మోటారూ మునుగుతుంది. ఆగిపోండి, లేదా చుట్టు తిరిగి వెళ్ళండి. నీళ్ళలోంచి వెళ్ళాల్సి వచ్చిన బండి రెండు మూడు రోజుల తర్వాత బయల్దేరేటప్పుడు దడదడమని కుదిపితే, లోపల హాల్ సెన్సర్లకి (మోటారు ఏ స్థితిలో తిరుగుతోందో కంట్రోలర్‌కి చెప్పేవి) తడి తగిలిందని అనుమానించాలి. మెకానిక్ చేత మోటారు విప్పించి ఆరబెట్టించండి.

బండిని ప్రెషర్ వాటర్ కొట్టి కడిగించకండి. తడి గుడ్డ చాలు.

6. లైట్లు

యూఎస్‌బీతో ఛార్జ్ అయ్యే లైట్లు రెండు, ముందు తెల్లది, వెనక ఎర్రది, కొనేయండి. అక్కడితో అయిపోయింది. ముందు తెల్ల, వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు కూడా ఉండాలి, అవి నియమాల్లోనే ఉన్నాయి. ముందు లైటుని నేల వైపు వంచండి. ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టడం వల్ల మీకు గుంటలు కనిపించవు.

పెద్ద బ్యాటరీనుంచే లైటు వెలగాలనుకుంటే 36 నుంచి 12 వోల్టులకి దింపే కన్వర్టర్, దాని ముందు చిన్న ఫ్యూజు తప్పనిసరి. బ్యాటరీ విప్పి, మూడు సెల్స్ మీదినుంచి 12 వోల్టులు లాగే తెలివి కొందరు చూపిస్తారు. ఆ మూడు సెల్స్ మిగతావాటికంటే ముందే ఖాళీ అయి, ప్యాకంతా పాడవుతుంది.

7. బ్యాగు, తాళం

వీపు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుంటే ఏప్రిల్లో చొక్కా పిండుకోవాలి. క్యారియర్ వేయించి పక్కకి తగిలించే బ్యాగు పెట్టండి. మడమ తగలకుండా కాస్త వెనక్కి జరపండి. క్యారియర్ కాలు డిస్క్ కాలిపర్‌కి అడ్డొస్తుందేమో కొనేముందే బండి తీసుకెళ్ళి చూసుకోండి. తాళం ఫ్రేంకీ స్తంభానికీ కలిపి వేయండి, చక్రానికి ఒక్కదానికే కాదు. బ్యాటరీ తీసి లోపలికి పట్టుకెళ్ళండి.

8. ఇప్పుడు బ్యాటరీ

పైవన్నీ చేశాక మళ్ళీ ఒక వారం వోల్టేజి రాసుకోండి. ఇంటికి చేరేసరికి 36కి పైనే ఉంటే మీకు కొత్త బ్యాటరీ అవసరం లేదు. ఇంకా తక్కువే ఉంటే లెక్క వేయండి. వోల్టుల్ని యాంపియర్ అవర్‌తో (ఏహెచ్) గుణించండి: 36 వోల్టులు, 10 ఏహెచ్ అంటే 360 వాట్ అవర్లు. కాస్త పెడల్ కొడుతూ వెళ్తే కిలోమీటర్‌కి 8 నుంచి 12 వాట్ అవర్లు ఖర్చవుతాయి. మొత్తం ఖాళీ చేయకుండా నాలుగో వంతు మిగుల్చుకుని చూసుకోండి.

పెద్ద బ్యాటరీ కొంటే వోల్టులు పాతవే ఉండాలి, ఏహెచ్ మాత్రమే పెంచాలి. 36 బండికి 48ది పెట్టకండి. 48 బ్యాటరీ నిండితే 54.6 వోల్టులుంటుంది, కొన్ని 36 వోల్టుల కంట్రోలర్లలో కెపాసిటర్లు 50 వోల్టుల దాకా తట్టుకునేవే. కొత్త బ్యాటరీ లోపలి బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) ఇవ్వగలిగే కరెంటు మీ కంట్రోలర్ మీద రాసిన ఆంపియర్లకి తగ్గకూడదు. రెండు బ్యాటరీలని వైర్లతో కలిపేయకండి. ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా ఉంటే నిండుదాంట్లోంచి ఖాళీదాంట్లోకి కరెంటు వరదలా పారుతుంది, మంటలు రావచ్చు. దూరం ఎక్కువైతే రెండో బ్యాటరీ బ్యాగులో పెట్టుకుని, మొదటిది అయ్యాక మార్చుకోండి. లేదా ఆఫీసులో ఒక ఛార్జర్ పెట్టుకోండి. నా సలహా రెండోదే, సెక్యూరిటీవాళ్ళని ముందు అడిగి.

ఛార్జింగ్ విషయంలో నేను పాటించేవి ఇవి. ఎండలోంచి రాగానే ప్లగ్ పెట్టను, అరగంట ఆగుతాను. వానలో తడిస్తే ఛార్జింగ్ పోర్టు తుడిచి, ఆరాకే పెడతాను. అందరూ నిద్రపోయాక పెట్టను. బయటికి వెళ్ళే గుమ్మం దగ్గర, పరుపు మీద పెట్టను. కంపెనీ ఇచ్చిన 42 వోల్టుల ఛార్జరే వాడతాను. పిన్ను సరిపోయిందని వేరే ఛార్జర్ పెట్టడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. బ్యాటరీ ఉబ్బినా, కింద పడి దెబ్బ తగిలినా, వాసన వచ్చినా ఇక దాన్ని ఛార్జ్ చేయొద్దు.

రేంజ్ ఎక్కడ పోతుందో తెలుసా? ఎక్కుళ్ళలో. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటి జూబ్లీహిల్స్ వైపు ఎక్కేటప్పుడు ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి, కాళ్ళు ఊరికే ఉంచి, గంటకి 8 కిలోమీటర్లతో పాకేవాళ్ళని చూస్తుంటాను. ఆ వేగంలో హబ్ మోటారులోకి వెళ్ళే కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. గేరు దించి పెడల్ కొట్టండి. పైకెక్కాక హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి. రెండు సెకన్లు చెయ్యి ఉంచలేకపోతే బండిని కాసేపు నీడలో నిలబెట్టండి.

మొదటి వారం తర్వాత

వెనక గీత కదిలిందా, బ్రేక్ లివర్ హ్యాండిల్‌కి ఎంత దూరంలో ఆగుతోంది, గాలి ఎంత దిగింది, ఈ మూడూ చూడండి. పెడల్ తొక్కినా మోటారు అందుకోకపోతే క్రాంకు (పెడల్ బిగించిన కడ్డీ) దగ్గరున్న అయస్కాంతాల పళ్ళెం మీద బురద తుడవండి. పళ్ళేనికీ సెన్సర్‌కీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి. చక్రమో టైరు సైజో మార్చి ఉంటే, డిస్‌ప్లే వేగాన్ని ఫోన్ జీపీఎస్ వేగంతో పోల్చి, తేడా ఉంటే సెట్టింగులో చక్రం సైజు సరిచేయండి. ఆ మెనూలో పక్కనే స్పీడ్ లిమిట్ కూడా కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకుండా బయటికి వచ్చేయండి.